మక్కా మసీదు : కాలసంకేతము, శిలాసాక్ష్యము

హైదరాబాదు నగరమున చార్మినారునకు నైరృతి దిక్కున నున్న మక్కా మసీదు దక్షిణాపథమునందలి మిక్కిలి పెద్ద మసీదులలో నొకటి. దానిని గూర్చి వ్రాయబడినది విస్తారముగనే కలదు. కాని ఆ కట్టడము ఏ సంవత్సరమున ఆరంభమైనదను చిన్న ప్రశ్నకు గ్రంథములలో ఏకవాక్యత లేదు. 1617 అని పలువురు, 1614 అని కొందఱు వ్రాయుచున్నారు. ఆరంభించిన ప్రభువు మహమ్మద్ కులీ కుతుబ్ షా అని కొన్ని చోట్ల, ఆయన అల్లుడు మహమ్మద్ కుతుబ్ షా అని మఱికొన్ని చోట్ల కనబడును. ముఖభాగమునందలి తోరణములన్నియు ఒకే శిలనుండి తొలిచినవను మాట యాత్రికుల కరదీపికలలో స్థిరపడిపోయినది. మక్కానుండి తెచ్చిన మట్టితో ఇటుకలు చేయించిరి గనుక ఆ పేరు వచ్చినదను మాటయు నట్టిదే. ఈ నాలుగు విషయములును ఒకదానితో నొకటి ముడిపడి యున్నవి. వీనిలో మూడింటికి సమాధానము మసీదునకు గల మఱియొక పేరున దొరకుచున్నది. నాలుగవదానికి ఒక విదేశ యాత్రికుని వ్రాత సమాధాన మిచ్చుచున్నది.

ముందుగా ప్రభువు మాట. కుతుబ్ షాహీ వంశమున ఐదవవాడైన మహమ్మద్ కులీ 1612 సంవత్సరారంభమున మరణించెను. హైదరాబాదు నగరమును, చార్మినారును నిర్మించిన కీర్తి ఆయనది. ఆ కీర్తి ఎంత గొప్పదనగా, పాతనగరమున కనబడు ప్రతి పెద్ద కట్టడమును లోకము ఆయనకే అంటగట్టును. మసీదు ఆరంభమునకు చెప్పబడు రెండు సంవత్సరములలో దేనిని గ్రహించినను అది ఆయన మరణానంతరము వచ్చునదే. కాబట్టి ఆరంభకర్త ఆఱవ ప్రభువైన మహమ్మద్ కుతుబ్ షాయే కావలెను. ఈయన మహమ్మద్ కులీకి సోదరుని కుమారుడు, కుమార్తె హయాత్ బక్షీ బేగమునకు భర్త. 1612 నుండి 1626 వఱకు పాలించెను. విద్వాంసుడని, ధర్మనిష్ఠ గలవాడని పేరుపొందెను. మామగారి దక్కనీ కవితలను సంపుటముగా కూర్పించినవాడు ఈయనయే. నగరమునకు తూర్పున సుల్తాన్ నగరమను క్రొత్త పట్టణమును కట్టింప మొదలిడెను. అది ఆయన మరణముతో నిలిచిపోయినది. మక్కా మసీదు నిలిచిపోలేదు, కాని ఆయన కన్నులయెదుట పూర్తి కాలేదు.

ఇక సంవత్సరము. అరబ్బీ, పారసీక వాఙ్మయములందు కాలమును అక్షరములలో నిక్షేపించు పద్ధతి యొకటి కలదు. దానికి అబ్జద్ అని పేరు. ఇరువదియెనిమిది అక్షరములకును ఒకటి మొదలు వేయి వఱకు విలువలు నియతమై యున్నవి. మొదటి తొమ్మిది అక్షరములకు ఒకట్లు, తరువాతి తొమ్మిదింటికి పదులు, ఆపై తొమ్మిదింటికి వందలు, చివరి దానికి వేయి. ఒక పదమునందలి అక్షరముల విలువలను కూడగా వచ్చిన మొత్తము హిజ్రీ సంవత్సరమగును. అట్టి పదమును తారీఖు అందురు. చార్మినారునకు ప్రసిద్ధమైన తారీఖు ‘యా హాఫిజ్’. యే అక్షరమునకు 10, అలిఫ్‌కు 1, హే అక్షరమునకు 8, మరల అలిఫ్‌కు 1, ఫే అక్షరమునకు 80, చివరి జోయ్ అక్షరమునకు 900. మొత్తము సరిగా 1000. హిజ్రీ 1000 క్రీ.శ. 1591 అక్టోబరున మొదలగును. ‘ఓ రక్షకుడా’ యను దైవసంబోధన, సంవత్సరము, రెండును ఆ రెండు పదములలో ఇమిడినవి.

సంస్కృతాంధ్ర విద్యార్థులకు ఇది క్రొత్త తోచదు. మన శాసనములలో వేదములు నాలుగు, రసములు ఆఱు, వసువులు ఎనిమిది అని భూతసంఖ్యలతో శకవర్షమును చెప్పుట పరిపాటి. కటపయాది పద్ధతి అబ్జద్‌కు మఱింత సన్నిహితము. అక్కడను అక్షరమే అంకె. అయినను రెండింటి నడుమ మౌలికమైన భేదమొకటి కలదు. కటపయాదియందు అక్షరస్థానమునకు విలువ యున్నది. ‘జయ’ యన్నచో జకారమునకు ఎనిమిది, యకారమునకు ఒకటి; అంకెలను కుడినుండి ఎడమకు చదువగా పదునెనిమిది. అదే ‘యజ’ యైనచో ఎనుబదియొకటి. అబ్జద్‌యందు స్థానభేదము లేదు, కూడికయే ప్రధానము. అక్షరములు ఎట్లు తాఱుమాఱైనను మొత్తము మాఱదు. కాని ఒక్క అక్షరము హెచ్చినను తగ్గినను సంవత్సరము మాఱును. అందుచేత తారీఖును పరిశీలించువాడు పదముల వరుసకంటె వర్ణక్రమము పట్ల జాగరూకుడై యుండవలెను. ఉచ్చారణమున లోపించినను లిపియందున్న అక్షరము లెక్కకు వచ్చును. ఈ నియమమును మఱచినచో మక్కా మసీదు తారీఖు ఎట్లు తలక్రిందులగునో క్రింద చూడవచ్చును.

మక్కా మసీదునకు ‘బైతుల్ అతీఖ్’ అను పేరు కలదు. అది తారీఖు కూడనై యున్నది. మొదటి పదము బైత్: బే అక్షరమునకు 2, యే అక్షరమునకు 10, తే అక్షరమునకు 400, మొత్తము 412. నడుమ నున్నది అరబ్బీ భాషయందలి నిర్దేశక ప్రత్యయము: అలిఫ్‌కు 1, లామ్‌కు 30, మొత్తము 31. రెండవ పదము అతీఖ్: ఐన్‌కు 70, తే అక్షరమునకు 400, యే అక్షరమునకు 10, ఖాఫ్‌కు 100, మొత్తము 580. మూడును కలిసి 1023. హిజ్రీ 1023 క్రీ.శ. 1614 ఫిబ్రవరిలో మొదలై 1615 జనవరిలో ముగియును. ఆరంభము 1614 అనువారికి ఆధారము ఇదియే.

ఇక్కడ వర్ణక్రమ విచారము ఆవశ్యకము. ‘బైతుల్’ అని కలిపి పలుకునపుడు నిర్దేశక ప్రత్యయమునందలి అలిఫ్ వినబడదు. వినబడలేదని విడిచినచో మొత్తము 1022 అగును. పదముల రెంటిని మాత్రమే గ్రహించి ప్రత్యయమును పూర్తిగా వదలినచో 992 వచ్చును. హిజ్రీ 992 క్రీ.శ. 1584. అప్పటికి చార్మినారు లేదు, నగరము లేదు. గద్దెపై నున్నవాడు మహమ్మద్ కులీ. అనగా ఒక చిన్న ప్రత్యయమును వదలినంత మాత్రమున మసీదు నగరమునకంటె ముందు పుట్టును. దాని కర్తయు మాఱిపోవును. ఇక ఖురానునందలి హజ్ అధ్యాయమున ఈ పదబంధము వచ్చుచోట నిర్దేశక ప్రత్యయము రెండు పదములకును చేరియున్నది. అరబ్బీ వ్యాకరణమున విశేష్యమునకు ఆ ప్రత్యయము చేరినపుడు విశేషణమునకును చేరవలెను. ఆ రూపమును లెక్కించినచో మఱి 31 కలిసి 1054 అగును. అది క్రీ.శ. 1644, అబ్దుల్లా కుతుబ్ షా పాలనాకాలము.

992, 1023, 1054. ఒకే నామమునకు సాధ్యమైన ఈ మూడు రూపములలో నడిమిది మాత్రమే మహమ్మద్ కుతుబ్ షా పాలనలోనికి వచ్చుచున్నది. ఆ రూపము ఖురానునందలి రూపము కాదనుట గమనింపదగినది. పారసీక రచయితలు అరబ్బీ పదబంధములను వాడునపుడు మొదటి పదమునకు ప్రత్యయమును విడుచుట అరుదు కాదు గనుక, కేవలము సంఖ్యకొఱకే రూపమును మార్చిరని నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. అయినను సంఖ్య, రూపము, ప్రభువు, మూడును ఒక్కచోట కుదిరియుండుట యాదృచ్ఛికమని త్రోసిపుచ్చుట అంతకంటె కష్టము.

తారీఖు సాక్ష్యమునకు ఒక దౌర్బల్యము కలదు. అది కట్టడము మొదలైననాడే కూర్పబడినదో, పిమ్మట ఏ పండితుడైనను చమత్కారమునకు వెదకి కనుగొన్నదో పదము స్వయముగా చెప్పదు. తారీఖులు కూర్చువారు మొత్తము కొంచెము హెచ్చుతగ్గైనపుడు పద్యమున సూచన చేసి కొన్ని సంఖ్యలను చేర్చుటయు తీసివేయుటయు కూడ కలదు. దానికి తామియా యని పేరు. ‘బైతుల్ అతీఖ్’ విషయమున అట్టి సవరణ అక్కఱలేకయే సంఖ్య కుదురుచున్నది. 1617 అనునది హిజ్రీ 1026తో సరిపోవును. రెండింటికిని భేదము మూడేండ్లు. ఇంత పెద్ద రాతికట్టడమునకు స్థలనిర్ణయము, పునాది, రాళ్ల సేకరణ, గోడలు లేచుట ఒకే యేట జరుగవు. ఏ ఘట్టమును ఆరంభమని పిలిచిరో ఆ ఘట్టమును బట్టి సంవత్సరము మాఱును. పేరున నిక్షిప్తమైన సంవత్సరము సంకల్పమునకో, పునాదికో చెందునని గ్రహించి 1614ను ఆరంభముగా స్వీకరించుట యుక్తతరము. 1617ను పూర్తిగా అసత్యమనుట మాత్రము యుక్తము కాదు. నిర్మాణమునకు డెబ్బదియేడేండ్లు పట్టినదను ప్రసిద్ధమైన లెక్క 1617 నుండి 1694 వఱకు గణించినది. 1614 నుండి గణించినచో ఎనుబది యగును. ముగింపు సంవత్సరము సైతము ఒకచోట 1693 అని, మఱియొకచోట 1694 అని కనబడును. హిజ్రీ సంవత్సరము చాంద్రమానమున సుమారు 354 దినములది. అది సాధారణముగ రెండు క్రీస్తు సంవత్సరములను తాకుచుండును. దక్కను చరిత్రయందలి ఇట్టి ఒక యేటి తగాదాలలో సగము ఈ కారణముచేత పుట్టినవే.

పేరును గూర్చిన ఐతిహ్యమును ఇప్పుడు పరిశీలింపవచ్చును. మక్కానుండి మట్టి తెప్పించి, ఇటుకలు చేయించి, నడిమి తోరణమున వాడించిరని చెప్పుదురు. ఇది అసంభవము కాదు. గోలకొండ రాజ్యమునకు మచిలీపట్టణము ద్వారా అరేబియా, పారసీక తీరములతో ఓడల రాకపోకలు ఉండెడివి. కాని పేరునకు మట్టియే కారణమని చెప్పనక్కఱలేదు. ‘బైతుల్ అతీఖ్’ యనగా ప్రాచీన గృహము. అది మక్కాలోని కాబాకు ఖురానున వాడబడిన నామము. కాబా నామమును తారీఖుగా ధరించిన మసీదును ప్రజలు మక్కా మసీదని పిలుచుటకు వేఱొక హేతువు అక్కఱలేదు. పండితుల పేరు అర్థము తెలిసినవారికి పరిమితమైనది. దాని ఛాయ జనుల నోట నిలిచినది. ఇటుకల కథ ఆ పేరును వివరించుటకు తరువాత చేరినదై యుండవచ్చును. పేరు ముందు, కథ వెనుక యనుట స్థలనామముల చరిత్రలో నిత్యము కనబడు క్రమమే.

పునాది కథయు నట్టిదే. ఎన్నడును అర్ధరాత్రి ప్రార్థన తప్పనివాడు ముందునకు వచ్చి పునాదిరాయి వేయవలెనని ప్రభువు పండితులను, పెద్దలను కోరెననియు, ఎవ్వరును రాకపోగా తానే వేసెననియు చెప్పుదురు. ఢిల్లీలో ఖ్వాజా కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ అంత్యక్రియల ప్రార్థనను నడిపించుటకు నియమము తప్పనివాడు కావలెననగా సుల్తాను ఇల్తుత్‌మిష్ ముందునకు వచ్చెనను కథ ఇటువంటిదే, దీనికంటె పాతది. ప్రభువు రహస్యభక్తిని బహిరంగపఱచు కథాచ్ఛాయ యొకటి ఒక దేశమునుండి మఱియొక దేశమునకు నడచి వచ్చెననుటకు ఇది ఉదాహరణము. చరిత్రగా దీనికి విలువ తక్కువ. మహమ్మద్ కుతుబ్ షాను జనులు ఎట్టివానినిగా తలచిరో తెలియుటకు మాత్రము విలువ యున్నది.

అక్షరముల సాక్ష్యము ఇంతవఱకు. రాతి సాక్ష్యము దీనికి భిన్నమైనది.

మసీదు ప్రార్థనామందిరము సుమారు 67 మీటర్ల పొడవు, 54 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల ఎత్తు గలది. పైకప్పును పదునైదు తోరణములు మోయుచున్నవి. మూడు వైపుల ఐదేసి చొప్పున. నాలుగవ వైపు, అనగా పడమట, గోడ కలదు. దక్కనునుండి మక్కా పడమటి దిక్కున నుండుటచే ప్రార్థనాదిశను తెలుపు మిహ్రాబు ఆ గోడయందే యున్నది. ముఖభాగము తూర్పునకు తిరిగి, ఐదు ఎత్తైన తోరణములతో విశాలమైన ముంగిటివైపు తెఱచుకొని యుండును. లోపల పదివేలమంది ప్రార్థింపవచ్చునని చెప్పుదురు. తోరణములపై, ద్వారములపై ఖురాను వాక్యములు చెక్కబడి యున్నవి. వీనిని మినహాయించినచో అలంకారము స్వల్పము.

ఈ స్వల్పాలంకారమే మసీదు లక్షణములలో ముఖ్యమైనది. కుతుబ్ షాహీ కట్టడములు సామాన్యముగ రాతితోను ఇటుకతోను లేచి, పైన సున్నపు గచ్చుపూత ధరించునవి. లతలు, పద్మదళములు, జాలకములు, మీనారుల చుట్టును వరుసలుగా తిరుగు చిన్న వసారాలు, అన్నియు గచ్చున తీర్చినవే. గచ్చు మెత్తనిది, పనివాని వ్రేళ్లకు లొంగును. హైదరాబాదు చుట్టునున్న కొండలు కఠినమైన గ్రానైటు శిలలు. వానిని సమతలముగా చెక్కుటయే పెద్దపని. సూక్ష్మశిల్పమునకు అవి ఎదురు తిరుగును. మక్కా మసీదును కట్టించినవారు గచ్చు సౌకర్యమును వదలి ఆ శిలనే ఆశ్రయించిరి. అందువలన కట్టడమునకు గాంభీర్యము వచ్చినది. పని మాత్రము తరములకు సాగినది.

ఈ సాగుటకు కన్నులార చూచిన సాక్షి యొకడు కలడు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ గోలకొండ వజ్రములకై పలుమాఱులు వచ్చినవాడు. ఆయన యాత్రాగ్రంథము 1676లో వెలువడినది. పట్టణమున సుమారు ఏబదియేండ్ల క్రిందట మొదలిడిన గొప్ప ఆలయము ఇంకను పూర్తి కాలేదనియు, పూర్తియైనచో హిందూదేశమున దానిని మించినది యుండదనియు ఆయన వ్రాసెను. ఆయన వాడిన పదము ‘పగోడా’. మసీదునకు ఆ పదమేమని ఆశ్చర్యపడనక్కఱలేదు. ఆ కాలపు ఐరోపీయులలో కొందఱు ఈ దేశపు ప్రార్థనాస్థలము దేనినైనను అట్లే పిలిచిరి. ఆ పదమును చూచి ఇది పూర్వము హిందూదేవాలయమని ఊహించుట మాత్రము గ్రంథమును చదువకయే చేసిన పని యగును. ఆ వాక్యములందే మొదలిడిన కాలము చెప్పబడి యున్నది. ఏబదియేండ్లను 1660 దశకమునుండి వెనుకకు గణించినచో 1610 దశకము వచ్చును. 1614, 1617లకు నడుమ తీర్పు చెప్పుటకు ఈ లెక్క చాలదు. కాని రెండింటికిని ఇది అనుకూలమే.

టావెర్నియర్ అన్నింటికంటె ఆశ్చర్యముతో చెప్పినది మిహ్రాబు శిలను గూర్చి. ప్రార్థనాస్థానమునందలి ఆ గూడు అఖండశిల యనియు, దానిని గనినుండి వేఱుపఱచుటకు ఐదేండ్లు పట్టినదనియు, ఐదాఱు వందలమంది ఎడతెగక పనిచేసిరనియు, బండిపై కెక్కించుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టినదనియు, లాగుటకు 1400 ఎద్దులను కట్టిరని తనతో చెప్పిరనియు ఆయన వ్రాసెను. ఎద్దుల సంఖ్య ఆయన విన్నది, చూచినది కాదు. దానిని ఆ మేరకే గ్రహింపవలెను. ముఖ్యమైన సంగతి వేఱు. ఆయన చెప్పిన అఖండశిల మిహ్రాబునకు మాత్రమే చెందినది. నేటి కరదీపికలలో అదే ఐదేండ్ల లెక్క ముఖభాగపు తోరణములకు ఎక్కినది. తోరణములే అఖండశిలనుండి చెక్కినవని, ఆ శిలను తీయుటకు ఐదేండ్లు పట్టినదని అచ్చగుచున్నది. ఏబదియడుగులకు మించిన పొడవున పరచుకొన్న ముఖభాగమును ఒకే శిలగా తెచ్చుట ఎట్లు సాధ్యమో ఎవ్వరును అడిగినట్లు కనబడదు. తోరణమను దానికి అర్థమే అనేక శిలలు ఒకదాని బరువు నొకటి మోయునట్లు పేర్చుట. మూలమున గోడలోని ఒక గూటిని గూర్చి యున్న మాట, చేతులు మాఱి మాఱి, మందిరపు ముఖమంతటికిని వ్యాపించినదని నిర్ణయింపవచ్చును.

పని కాలయాపనకు రాయి యొక కారణము; రాజ్యస్థితి రెండవది. మహమ్మద్ కుతుబ్ షా 1626లో మరణించెను. కుమారుడు అబ్దుల్లా కుతుబ్ షా 1672 వఱకు పాలించెను. 1636లో మొగలాయి సామ్రాజ్యమునకు లోబడి కప్పము చెల్లించుటకు ఆయన ఒప్పుకొనవలసి వచ్చెను. 1656లో ఔరంగజేబు, అప్పటికి రాకుమారుడు, హైదరాబాదుపై పడెను. సంధికై అబ్దుల్లా భారమైన ధనము చెల్లింపవలసి వచ్చెను. ఇట్టి కాలమున గ్రానైటు మందిరము మెల్లగా లేచుట వింత కాదు. పని బొత్తిగా ఆగిపోలేదనుటకు మఱియొక మసీదు కథ సహాయపడుచున్నది. గోలకొండనుండి నగరమునకు వచ్చు దారిలో కార్వాన్ చెంత తోలీ మసీదు కలదు. దానిని 1671లో అబ్దుల్లా కొలువున మహల్దారైన మీర్ మూసాఖాన్ కట్టించెను. మక్కా మసీదు పనిపై వ్యయమైన ప్రతి రూపాయకు ఒక దమ్డీ చొప్పున ఆయనకు ప్రతిఫలము ముట్టెడిదనియు, ఆ దమ్డీలతో ఈ మసీదు లేచినదనియు ప్రతీతి. దానికి దమ్డీ మసీదను పేరును కలదు. కథ యథార్థమో కాదో గాని, మక్కా మసీదు వ్యయము జనుల ఊహలో ఎంత పెద్దదో దీనివలన తెలియును. విచిత్రమేమనగా, దమ్డీల మసీదు గచ్చుపనితనముతో నిండి కుతుబ్ షాహీ అలంకారమునకు పరాకాష్ఠగా నున్నది. రూపాయల మసీదు నిరాడంబరముగ నిలిచియున్నది. ఒకే కాలపు ఒకే నగరపు పనివారికి రెండు రీతులును తెలిసియుండెననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు. మక్కా మసీదున అలంకారము తక్కువ యగుట నేర్పు లేక కాదు. ఎంచుకొన్న శిలవలన, ఉద్దేశించిన గాంభీర్యమువలన.

ఆరంభదశలో పనిపై అధికారము వహించినవారిగా ఇద్దఱి పేర్లు చెప్పబడుచున్నవి. ఒకడు దారోగా మీర్ ఫైజుల్లా బేగు. రెండవవాడు రంగయ్య చౌదరి. చౌదరి యనునది ఆ కాలమున పెద్దరికమును, అధికారమును తెలుపు బిరుదు. నేటి అర్థములో తీసికొనరాదు. తెలుగు పేరు గల యొకడు రాజ్యమునందలి ప్రధాన మసీదు నిర్మాణమున పై అధికారులలో నొకడగుట కుతుబ్ షాహీ పాలనారీతిని ఎఱిగినవారికి వింత కాదు. ఈ వంశపు ప్రభువులు పారసీకమునను తెలుగునను ఫర్మానాలు వెలువరించినవారు. ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చెను. అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రము ఆ రాజ్యపు సర్దారు అమీన్‌ఖానునకు అంకితమైనది. రంగయ్య పేరు ఆ పరంపరకు రాతిపనిలో దొరకిన ఆనవాలు. గనిలో పనిచేసిన ఐదాఱు వందలమంది పేర్లు మాత్రము చరిత్రల కెక్కలేదు.

చివరి కుతుబ్ షాహీ ప్రభువైన అబుల్ హసన్ తానాషా కాలమునను మసీదు అసంపూర్ణముగనే యుండెను. ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట 1687 సెప్టెంబరులో గోలకొండ ఔరంగజేబు వశమైనది. తానాషా దౌలతాబాదు కోటలో బందీయై అక్కడనే కాలము చేసెను. మసీదును పూర్తి చేయించినవాడు ఔరంగజేబు. ఈ వాక్యమును రెండు విధముల అపార్థము చేసికొనుచున్నారు. కొందఱు మసీదంతయు మొగలాయి కట్టడమన్నట్లు వ్రాయుదురు. మఱికొందఱు ఆయన చేసినదేమియు లేదన్నట్లు వ్రాయుదురు. రాయి చెప్పునది మధ్యస్థముగ నున్నది. మందిరపు ప్రణాళిక, గోడలు, తోరణములు, మిహ్రాబు కుతుబ్ షాహీల సంకల్పము. ముంగిటికి దారితీయు ద్వారము ఔరంగజేబు కాలపు పని. ముఖభాగమునకు రెండు కొనల నున్న బలిష్ఠమైన మీనారు స్తంభములను చూచినచో ఈ సంధి కంటికి తెలియును. ఆ స్తంభముల మొదలు ఎంత దిట్టమైనదో చూచి, అంతకు తగిన ఎత్తు పైన ఊహించుకొన్నచో, నేడున్న వసారా, దానిపై చిన్న గుమ్మటము తొందరగా ముగించిన పనివలె తోచును. తోలీ మసీదు మీనారులను, చార్మినారు మీనారులను చూచిన కన్నునకు ఈ కొఱత మఱింత స్పష్టము. ఔరంగజేబు ఉద్దేశపూర్వకముగ తగ్గించెననుటకంటె, దక్కను యుద్ధములలో మునిగిన పాలకుడు ఉన్నదానిని వాడుకకు వచ్చునట్లు ముగింపజేసెననుట సమంజసము.

ఆ పిమ్మట చేరినవి ఆసఫ్ జాహీల సమాధులు. ముంగిటి దక్షిణభాగమున తోరణములతో కూడిన పొడవైన మంటపమున రెండవ నిజాము నిజాం అలీఖాన్ (1803) మొదలు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ (1911) వఱకు ఐదుగురును అక్కడ నిద్రించుచున్నారు. మొదటి నిజాము సమాధి ఖుల్దాబాదున నున్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీ చెంత జూదీ మసీదున ఖననము చేయబడెను. ఆయన మనుమడు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబులున మరణింపగా, దేహమును హైదరాబాదునకు తెచ్చి మక్కా మసీదు ముంగిటనే పూర్వికుల సరసన ఖననము చేసిరి. సమాధిమంటపపు పని సున్నితముగ, సన్నని తోరణములతో తీరియున్నది. దానికి ఎదురుగ మందిరపు గ్రానైటు గోడలపై, తోరణముల నడుమ, రాళ్ల అతుకులు నేటికిని లెక్కింపవచ్చునట్లు కనబడుచున్నవి.